ఆర్కులు, రాక్షసులు ఎవరి సొంతం గాదు

"ఫాంటసీ కథలల్ల ఆర్కులు (వికారమైన మొఖాల యుద్ధపు జీవులు), ట్రోల్స్ (మొరటు భూతాలు) రచయితలు సొంతంగ పుట్టించినయేనా?" అని అడిగిండ్రు. సొంతం ఏం లేదు భయ్యా, అంతా పాత సామానే. బేవుల్ఫ్ అని పాత ఇంగ్లిష్ కావ్యం ఉంది, దాంట్ల బైబిల్ల తమ్ముని చంపిన కయీను సంతానం అని లెక్క చెప్పుకుంట 'ఓర్క్‌నేయాస్' అని ఒక్క మాట అని ఆ కవి ఊకుంటడు, మొఖం ఎట్లుంటదో పండ్లు ఎట్లుంటయో ఏం చెప్పడు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌ల ఆ భాష చెప్పే ప్రొఫెసరే గదా, అసొంటి మాటలు పట్టుకొనే ఆర్కుల దండుకు దండు లేపిండు. తమాషా ఏందంటే అదే లైన్ల ఎల్ఫులు గూడ పాపిష్టోళ్ల జమలనే ఉన్నరు, ఈయన దగ్గరికి వచ్చేసరికి దేవతలోలె అయిపోయిండ్రు. ట్రోల్ నార్వే దిక్కుది, జాంబీ హైతీది.

ఇగ మన రాక్షసుడు. ఉత్తరకాండల బ్రహ్మ నీళ్లను పుట్టించి కాపాడుండ్రి అంటే "రక్షామ" అన్నోళ్లు రాక్షసులైండ్రు, అంటే కావలోళ్లు. అసొంటోనికి 1977ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట పుస్తకంల పులి తలకాయ పెట్టి నోట్ల పైపు పెట్టిండ్రు. మా అక్క కొడుకు ఫోన్ల ఆ బొమ్మ చూపెట్టి "మామా, రాక్షసుడంటే పులి" అంటడు, ఏం చెప్పాలె వానికి?

మా నల్లగొండ దిక్కు చిన్నప్పుడు చిందోళ్లు ప్రహ్లాద నాటకం ఆడేటోళ్లు. హిరణ్యకశిపుడు దుప్పటి పరద వెనక మొఖానికి అర్దళం పూసుకొని, చెక్క భుజకీర్తులు కట్టుకుంట బీడీ తాగుతుండె, మేం పోరగాండ్లం పోయి పక్కన నిలబడి చూసేటోళ్లం, భయమే లేదు, మనిషి మొఖమే గదా. నర్సింహుడు వచ్చినప్పుడు చూడాలె! నడుముకు గుడ్డ కట్టి ఇద్దరు వెనకకు గుంజుతున్నా ఆగడు, ఆ నాలుక, ఆ గోర్లు, నేనైతే మా నాయినమ్మ కొంగుల దూరిన. వికారమైన రూపం మన కథల దేవునికి ఉంటది, అసురునికి కిరీటం, మీసాలు. టీవీ సీరియలోళ్లు మాత్రం హిరణ్యకశిపునికి ప్లాస్టిక్ కొమ్ములు తగిలిచ్చి అరగంట నవ్వించుడే పని. (ఆయన అసురుడు, రాక్షసుడు గాదు అని కింద కొట్లాటకు రాకుండ్రి, నాకు ఎరుకే.)

మొన్నొక తెలుగు ఆన్‌లైన్ కథ చదివిన, నల్లమల అడవిల డ్రాగన్ నిప్పు కక్కుతది. అరే, నర్సింహుడు చెంచులక్ష్మి ఎంబడి తిరిగిన అడవయ్యా అది, రెండు తలకాయల పక్షి గండభేరుండం, సింహం లెక్క ఉండే శరభం ఏడికి పోయినయి? ఏం దొరకకుంటే కొరివి దయ్యమన్న పెట్టకపోయినవా.