పక్కన నిలబెడితే పని రాదు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ మెషిన్ షాపులో కొత్తగా చేరిన ఎనిమిది మందికి పని చేయిస్తూనే శిక్షణ ఇచ్చే ఏర్పాటు నీ చేతికి వచ్చిందని, దానిని ఎలా రూపొందించాలో చెప్పమని అడిగావు. హైదరాబాద్ బాలానగర్‌లో, లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం మీద పనిచేసే టర్నర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైన నాకు అనుభవం మీద తెలిసినదే రాస్తున్నాను.

కొత్తవాణ్ణి పాతవాడి పక్కన నిలబెట్టి, చూసి నేర్చుకొమ్మనడాన్నే మనవాళ్లు శిక్షణ అంటారు. నేనూ అలాగే మొదలై, ఆరు నెలలు టీలు తెచ్చాను, ఇనుప ముక్కలు ఊడ్చాను. పాతవాడు చెప్పకూడదని దాచుకుంటాడని కాదు. ఇరవై ఏళ్లుగా చేతికి అలవాటైన పనిలో సగం అతని నోటికి రాదు. కాబట్టి నీ మొదటి పని తరగతులు పెట్టడం కాదు, ఆ సగాన్ని కాగితం మీదికి రప్పించడం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొత్త కార్మికులను త్వరగా తయారుచేయవలసి వచ్చినప్పుడు, అమెరికాలో 1940లో మొదలైన ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ పథకం ఇదే చేయించింది. పనిని దశలుగా విడగొట్టి, ఒక్కొక్క దశ పక్కన కీలకమైన మెలకువను రాయించేవారు. నువ్వు దాని పక్కన కారణానికి మరో గడి పెట్టు. ఆ గడిని ఖాళీగా వదలకు. పని మిగతా చోట్ల చెడకపోయినా అక్కడ చెడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. షాఫ్టును, అంటే గుండ్రటి కడ్డీని, మైక్రోమీటరు అనే సూక్ష్మ కొలత పరికరంతో కొలవడం అనే పనిలో ‘రాచెట్ (తగినంత బిగియగానే జారిపోయే పిడి) పట్టుకొని తిప్పాలి’ అన్నది మెలకువ. బలంగా బిగిస్తే కొలత తక్కువ చూపుతుంది అన్నది కారణం. ‘జాబ్ (చెక్కుతున్న ముక్క) చల్లారాక కొలవాలి’ అన్నది మరొకటి. 50 మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్టు గది వేడికన్నా 40 డిగ్రీలు ఎక్కువగా ఉంటే దాని వ్యాసం సుమారు 0.02 మిల్లీమీటరు పెరుగుతుంది. కొత్తవాడు వేడి మీదనే కొలిచి సరిపోయిందని మురిసిపోతాడు, చల్లారాక ఇన్‌స్పెక్టర్ దానిని రిజెక్ట్ చేస్తాడు, వాడికి తన తప్పేమిటో అర్థం కాదు.

నేను పనిచేసిన ఒక చోట కొత్త కుర్రవాడు చక్ కీ (జాబ్‌ను పట్టి ఉంచే చక్‌ను బిగించే తాళం) తీయకుండానే లేత్ ఆన్ చేశాడు. ఆ కీ ఎగిరి వెళ్లి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది; ఎవరికీ తగలకపోవడం మా అదృష్టం. కుర్రవాడికి జీతం కోసి చేతులు దులుపుకున్నారు గాని, కీ చక్‌లో ఉన్నంతసేపు దాని మీది నుంచి చెయ్యి తీయకూడదని వాడికి ఎవరు, ఏ రోజున చెప్పారో చూపే కాగితం ఒక్కటీ లేదు.

నేర్పే మనిషిని ఎంచుకునేటప్పుడు అందరికన్నా వేగంగా పనిచేసేవాడి వైపు చూడకు. కొత్తవాడు అదే ప్రశ్న మూడోసారి అడిగినా విసుక్కోనివాడు కావాలి. అతడు నేర్పే రోజుల్లో అతని ఉత్పత్తి టార్గెట్ తగ్గించమని, ఇన్సెంటివ్ కోత పడకుండా చూడమని యజమానిని ముందే అడిగి లిఖితపూర్వకంగా తీసుకో. ఇది సాధించలేకపోతే మిగతా పథకమంతా షోకేసులో బొమ్మే, ఎందుకంటే తన జేబుకు చిల్లు పెట్టుకొని ఎవరూ ఎక్కువ రోజులు నేర్పరు.

నేర్పే క్రమంలో ముందు కొలతలు, తరువాత ఫేసింగ్ (ముక్క చివరను చదును చేయడం), ప్లెయిన్ టర్నింగ్ (చుట్టూ సమంగా చెక్కడం), చివరికి మరలు కోయడం ఉండాలి. ప్రతి దశలోనూ ముందు చేసి చూపాలి, తరువాత వాడిచేత చేయిస్తూ ఎందుకు అలా చేస్తున్నాడో వాడి నోటనే చెప్పించాలి, ఆపైన ఒంటరిగా వదిలి మధ్యమధ్య వచ్చి చూడాలి. మొదటి రోజు గంటకోసారి, వారం తరువాత షిఫ్టుకు రెండుసార్లు చూస్తే సరిపోతుంది.

నేర్చుకున్నాడా లేదా అన్నది రోజుల లెక్కతో తేల్చకు. సాయం లేకుండా వరుసగా పది జాబ్‌లు టాలరెన్స్‌లో (కొలతలో అనుమతించిన తేడా లోపల) వచ్చాయా అని చూడు. ఆ పరీక్ష నేర్పినవాడు కాక ఇన్‌స్పెక్టర్ చేయాలి, లేకపోతే మొహమాటం అడ్డు వస్తుంది. ఎవరికి ఏ పని వచ్చిందో తెలిపే పట్టికను షాపు గోడకు అంటించు.

మీ సంస్థలో 30 మంది గాని అంతకు మించి గాని ఉంటే 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, ఆ సంగతి మీ ఆఫీసువాళ్లను అడుగు.

మొదటి కాగితం మైక్రోమీటరు మీదనే రాయి. రాశాక, ఆ షాపులో ఎన్నడూ అడుగుపెట్టని మీ అమ్మకు చదివి వినిపించు. ఆమె ఎక్కడ ఆగి ‘అంటే ఏమిట్రా?’ అని అడుగుతుందో గుర్తుపెట్టి నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య