తేలిగ్గా కనిపించే ఇంగ్లీషు మాటలతోనే జాగ్రత్త

అమ్మాయ్,

రాజాంలో చదువైపోయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరబోతున్నావని, అమెరికా వాళ్లతో రోజూ కాల్స్ ఉంటాయని మీ అమ్మ చెప్పింది. ఇడియమ్స్ పీడీఎఫ్ ఏదో పెట్టుకుని బట్టీ పడుతున్నావట, అది పక్కన పడెయ్. గల్ఫ్ సైట్లలో బ్రిటిష్ వాళ్ల కిందా, అమెరికన్ల కిందా పనిచేసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, జోరువానకి ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అని అక్కడ ఎవరూ అనగా నేను వినలేదు (అక్కడ వానలూ తక్కువేలే).

వింతగా ఉన్న మాటలతో పెద్ద ప్రమాదం లేదు. ‘హిట్ ద సాక్’ అని వినగానే ఇది మనకి తెలీదని తెలిసిపోతుంది, అడుగుతావు, పడుకోవడమని చెబుతారు, అక్కడితో సరి. తెలిసినట్టే ఉండి ఇంకో అర్థమిచ్చేవే కొంప ముంచుతాయి. మీటింగులో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేద్దామని బ్రిటిష్ మేనేజరు అంటే ఇప్పుడే చర్చకు పెడదామని, అదే మాట అమెరికన్ అంటే ఇప్పటికి పక్కన పెడదామని! కాఫీ తాగుతావా అంటే ‘ఐయామ్ గుడ్’ అన్నారా, వద్దని. ఏదైనా అడగొచ్చా అంటే ‘షూట్’ అంటారు, అడగమని. ‘హెడ్స్ అప్’ అని మెయిల్లో రాస్తే ముందుగా చెప్పి ఉంచుతున్నామని, సైట్లో అరిస్తే పైనుంచి ఏదో పడుతోందని. ఆ కేక విని తల ఎత్తుకుని అక్కడే నిలబడిపోయిన కుర్రాణ్ని మేం పక్కకి లాగాల్సి వచ్చింది.

అమెరికన్ల మాటల్లో బేస్‌బాల్ ఎక్కువ. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అడిగితే ఉజ్జాయింపు చాలు, రాత్రంతా కూర్చుని పైసలతో సహా లెక్క కట్టక్కర్లేదు. ‘రెయిన్ చెక్’ అంటే ఇప్పుడు కాదు, ఇంకోసారి. వానకి ఆట ఆగిపోతే మరో ఆటకి రానిచ్చే టికెట్టు ముక్క అది. బ్రిటిష్ వాళ్లకి క్రికెట్ మాటలు. ‘స్టికీ వికెట్’ అంటే చిక్కులో పడ్డట్టు, తడిసి ఆరుతున్న పిచ్ మీద బ్యాటింగ్ అన్నమాట. నీకు క్రికెట్ పిచ్చి కదా, నచ్చుతుంది, కానీ అమెరికన్ దగ్గర వాడావంటే తెల్లమొహం వేస్తాడు.

ఇంతకంటే ముఖ్యం మన ఇంగ్లీషు. ‘ఐ పాస్డ్ అవుట్’ అంటే వాళ్లకి స్పృహ తప్పి పడిపోయావని వినిపిస్తుంది, గ్రాడ్యుయేటెడ్ అను. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే ఎదుటివాడి మాట మీద నమ్మకం లేదన్నట్టు ఉంటుంది, క్వశ్చన్ అను. ‘డూ ద నీడ్‌ఫుల్’ ఒకప్పుడు ఇంగ్లండులోనూ రాసేవారు, ఇప్పుడు పాతబడిపోయింది, ఏం చెయ్యాలో అదే రాసెయ్. అనుకున్న సమయం కంటే ముందే పెట్టుకోవడాన్ని మనం అనే ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకి ఎక్కింది, అయినా అవతలివాడికి తెలియాలని లేదు.

ఫోనెత్తగానే ‘హౌ ఈజ్ ఇట్ గోయింగ్’ అంటారు. మన వీధిలో ‘భోజనాలయ్యాయా’ అన్నట్టే అది, ఏం కూరో చెప్పక్కర్లేదు. ‘గుడ్, యూ?’ చాలు.

మొదట్లో నువ్వు మాత్రం మామూలు ఇంగ్లీషే మాట్లాడు. మీ టీమ్‌లో ఒక మాట పదేపదే విన్నాక, ఎవరు ఎవరితో అంటున్నారో చూసుకుని అప్పుడు వాడు. ‘మై బ్యాడ్’, అంటే తప్పు నాదేనని, తోటివాళ్ల దగ్గర సరిపోతుంది, క్లయింటుకి నష్టం జరిగిన చోట అంటే తేలిగ్గా తీసుకున్నావనుకుంటారు, అక్కడ సారీ చెప్పి ఎలా సరిచేస్తున్నావో చెప్పాలి. అర్థం కాకపోయినా ‘ఓకే ఓకే’ అనడం మనవాళ్లకున్న పెద్ద జబ్బు. అడగడానికి మొహమాటమైతే, ‘సో యూ వాంట్ మీ టు’ అని మొదలుపెట్టి నీకు అర్థమైన పనిని వాళ్లకే తిరిగి చెప్పు, తప్పయితే వాళ్లే దిద్దుతారు, నీ పరువూ పోదు.

మొదటి ప్రెజెంటేషన్ రోజున ఎవరైనా ‘బ్రేక్ ఎ లెగ్’ అంటే థాంక్స్ చెప్పు, నాటకాలవాళ్లు బాగా ఆడి రమ్మని అలా అంటారు. మీ అమ్మకి మాత్రం చెప్పకు, కాలు విరగాలన్నారని పైడితల్లమ్మ గుడికి పరిగెడుతుంది.

మీ మావయ్య,
విజయనగరం