పాత ఆక్టావియా ఆర్‌ఎస్ ఇంజిన్ పనికి 2 లక్షలు సరిపోతాయా?

మీ దగ్గర 2005 నాటి స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఉందని, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు నీలిపొగ వస్తోందని, ఆయిల్ తరచుగా పోయవలసి వస్తోందని రాశారు. గ్యారేజీ వారు బండిని చూడకుండానే ఫోనులో "ఇంజిన్ దించాలి, లక్షన్నర అవుతుంది" అన్నారని, మీరు 2 లక్షలు పక్కన పెట్టుకున్నారని, అది సరిపోతుందా అని అడిగారు. నిజంగా ఇంజిన్ మొత్తం విప్పవలసి వస్తే సరిపోదు. విప్పనక్కర లేకపోతే అందులో నాలుగో వంతు కూడా ఖర్చు కాకపోవచ్చు. మీ బండి ఈ రెంటిలో దేనికిందికి వస్తుందో తేల్చుకోవడానికి పెట్టే డబ్బే మీ లెక్కలో మొదటి పద్దుగా ఉండాలి. ఇదే మోడల్ కారుకు విశాఖపట్నంలోనే పూర్తి ఇంజిన్ పని చేయించుకున్నవాడిని కాబట్టి, నా బిల్లులను ముందు పెట్టుకుని ఈ జవాబు రాస్తున్నాను.

ముందు పొగ సంగతి చూద్దాం. నీలిపొగ అంటే ఇంజిన్ లోపల ఆయిల్ కాలుతోందని. రాత్రంతా నిలబడిన బండి ఉదయం ఒకసారి నీలిపొగ వదిలి తరువాత మామూలుగా నడుస్తుంటే, పిస్టన్ రింగుల కన్నా ముందుగా వాల్వు కాడ వెంట ఆయిల్ కిందికి దిగకుండా ఆపే వాల్వ్ స్టెమ్ సీళ్లను, ఆ కాడ కదిలే గొట్టాలైన వాల్వ్ గైడ్లను అనుమానించాలి. సింహాచలం ఘాట్ రోడ్డు మీద గేరులో ఉంచి, యాక్సిలరేటర్ తొక్కకుండా కిందికి దిగి, దిగువన ఒక్కసారి తొక్కి చూడండి. అప్పుడు వెనుక నుంచి గుప్పున పొగ వచ్చినా అనుమానం అటువైపే పోతుంది. అలా కాకుండా, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఒత్తిడి అందుకున్నప్పుడల్లా పొగ వస్తుంటే టర్బో సీళ్లో, రింగులో కారణం కావచ్చు. మీ కారులోని ఈ 1.8 లీటర్ టర్బో ఇంజిన్‌లో క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) గాలిని బయటికి తీసే రబ్బరు పైపులు వయసు మీద పడి పెళుసెక్కి పగులుతాయి, వాటి మధ్యనుండే వాల్వ్ చెడిపోతుంది. ఆయిల్ తాగుతోందని వచ్చిన 1.8 టర్బో బండిలో ముందుగా చూడవలసిన చోటు అదే, అన్నిటికన్నా చవకైన చోటు కూడా అదే.

ఊహలతో ఆగకుండా మూడు పరీక్షలు చేయించండి. మొదటిది కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో కొలవడం. ఒక సిలిండర్‌లో తక్కువ వస్తే అందులో కొద్దిగా ఆయిల్ వేసి మళ్లీ చూడాలి, రీడింగ్ బాగా పెరిగితే లోపం రింగుల దగ్గర ఉన్నట్లు. రెండవది లీక్‌డౌన్ పరీక్ష. సిలిండర్‌లోకి గాలిని ఎక్కించి అది ఎటు పోతోందో వింటారు. ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్. మూడవది, డ్యాష్‌బోర్డు దీపాన్ని నమ్మకుండా విడిగా గేజీ బిగించి ఆయిల్ ఒత్తిడిని కొలవడం. వీటితోపాటు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని (సంపు) దించి, ఆయిల్‌ను పైకి లాగే గొట్టం చివరి పికప్ జల్లెడను చూడమనండి. ఈ ఇంజిన్‌కు వోక్స్‌వ్యాగన్ 502.00 ప్రమాణానికి తగిన సింథటిక్ ఆయిల్ కావాలి. మునుపటి యజమానులు మామూలు ఆయిల్ వాడినా, మార్పిడిని వాయిదా వేసినా టర్బో వేడికి అది మడ్డిగా మారి ఆ జల్లెడను మూసేస్తుంది, దానితో బేరింగులకు, టర్బోకు ఆయిల్ అందదు. ఈ పరీక్షలన్నిటికీ, కొత్త ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి 15,000 రూపాయలు కేటాయించుకోండి. ఈ పరీక్షలు చేయకుండా ధర చెప్పేవారి ధరకు విలువ లేదు.

ఇక ఇంజిన్ విప్పక తప్పదని తేలిందనుకుందాం. అప్పుడు అందరూ లెక్క వేసేది పిస్టన్లు, రింగులు, బేరింగులు, బోరింగ్ పని వరకే, ఫోనులో వినిపించిన లక్షన్నర కూడా ఆ లెక్కే అయి ఉంటుంది. నా బిల్లులు ఇలా ఉన్నాయి. ధరలు మారుతుంటాయి కనుక వీటిని నిష్పత్తుల కోసం చూడండి. పిస్టన్లు, రింగులు, మెయిన్, కనెక్టింగ్ రాడ్ బేరింగులు కలిపి సుమారు 75,000. గ్యాస్కెట్లు, సీళ్లు, బోల్టులు 25,000. లేత్ షాపు పని 35,000. ఆయిల్ పంపు, పికప్, టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు 40,000. ఇంతవరకు 1,75,000 అయింది. ఇంజిన్ దించి, విప్పి, మళ్లీ ఎక్కించినందుకు మజూరీ 40,000. టర్బో ఓవర్‌హాల్ 40,000. క్లచ్ 35,000. నీటి పైపులు, గాలి పైపులు, వ్యాక్యూమ్ గొట్టాలు, సెన్సర్లు, ఇంజిన్ మౌంటింగులు 45,000. రేడియేటర్, థర్మోస్టాట్ 12,000. రెండు విడతల ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ 15,000. టోయింగ్, పార్శిల్ ఖర్చులు 10,000. మొత్తం 3,72,000. ఇంజిన్ లోపలి పనికి అయినది ఇందులో సగం కన్నా తక్కువ. ఎవరైనా మీకు ఇంజిన్ పనికి ధర చెప్పినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ రెండవ సగం అందులో ఉందా లేదా అన్నదే.

రెండవ సగాన్ని ఎందుకు వదలకూడదో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే డబ్బు తక్కువ పడినప్పుడు కత్తెర పడేది ఇక్కడే. టర్బోకు ఆయిల్ వెళ్లే సన్నని లోహపు గొట్టంలో ఏళ్ల తరబడి కాలిన ఆయిల్ గట్టి మసిగా పేరుకుంటుంది. కొత్త ఇంజిన్‌కు ఆ పాత గొట్టాన్ని బిగిస్తే టర్బో ఎక్కువ కాలం నిలవదు. బేరింగు అరిగి పొడి రాలిన ఇంజిన్ అయితే ఆయిల్ కూలర్‌లో ఆ పొడి మిగిలి ఉంటుంది, దాన్ని మార్చడమే మేలు. గేర్‌బాక్సు ఎలాగూ విడిపోయి ఉంటుంది కనుక క్లచ్‌కు, వెనుక క్రాంక్ సీలుకు అదనపు మజూరీ దాదాపు ఉండదు. తరువాత అదే పనికి మళ్లీ పూర్తి మజూరీ ఇవ్వాలి. ఈ కారులో కామ్‌షాఫ్ట్‌లు రెంటినీ బెల్టుకు ఎదురు చివర ఒక చిన్న గొలుసు కలుపుతుంది, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ ఖరీదైనదే, అయినా దాని ప్యాడ్లు అరిగి ఉంటే మార్చవలసిందే. హెడ్ బోల్టులు, కనెక్టింగ్ రాడ్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి కనుక పాతవి మళ్లీ వాడరాదు. "ఇవి బాగానే ఉన్నాయి సార్" అన్న మాట ఈ బోల్టుల విషయంలో వినవద్దు. వాయిదా వేయగలిగినవీ కొన్ని ఉన్నాయి: ఏసీ పని, సస్పెన్షన్ బుష్‌లు, పెయింటు, చక్రాలు. పవర్ పెంచే రీమ్యాపింగ్ గురించి ఈ ఏడాది ఆలోచించవద్దు.

సిలిండర్ల పైన వాల్వులుండే భాగమైన హెడ్ పనికి సాధారణ ధరలను చూసి లెక్క వేయకండి. ఈ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు మూడు ఇన్‌టేక్, రెండు ఎగ్జాస్ట్ చొప్పున మొత్తం 20 వాల్వులు ఉంటాయి, కాబట్టి సీళ్లూ 20, గైడ్లూ 20, సీటు కటింగూ 20 చోట్ల. వాల్వుకు ఇంత అని ధర చెప్పే షాపులో పదహారు వాల్వుల బండి కన్నా బిల్లు ఆ మేరకు పెరుగుతుంది.

బోరింగ్ (సిలిండర్ లోపలి రంధ్రాన్ని కోసి పెద్దది చేయడం) విషయంలో ఒక క్రమం తప్పకూడదు. బ్లాకు పోత ఇనుముది, ప్రామాణిక బోరు 81 మిల్లీమీటర్లు. ముందు బోర్ గేజీతో అరుగుదలను, గుండ్రదనాన్ని ఒక్కో సిలిండర్‌లో పైన, మధ్యన, కింద కొలిపించి, ఆ అంకెలను కాగితం మీద రాయించుకోండి. పరిమితిలో ఉంటే హోనింగ్ (సిలిండర్ గోడను పైపైన రాపిడి చేయడం) చేసి కొత్త రింగులు వేస్తే చాలు, 50,000 రూపాయల దాకా మిగులుతుంది. పరిమితి దాటితే ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతున్నాయో లేదో ముందు తేల్చుకుని, అవి చేతికి వచ్చాక, ఆ పిస్టన్లనే లేత్ షాపులో ఇచ్చి, వాటి కొలతకు బోరు చేయించాలి. ముందు బోరు చేసేసి తరువాత పిస్టన్లు వెతికితే, ఆ సైజు దొరకని రోజున బ్లాకుకు లైనర్లు, అంటే సిలిండర్ లోపల కొత్త గొట్టాలు, వేయవలసి వస్తుంది, ఖర్చు మరో మెట్టు ఎక్కుతుంది. కొలవకుండా, అండాకారంగా అరిగిన సిలిండర్‌లో కొత్త రింగులు వేసి పంపే పద్ధతి కూడా ఒకటి ఉంది. అది ఎంత తక్కువ ధరకు వచ్చినా నేను సలహా ఇవ్వను. 2 లక్షలకు మించి పెట్టలేని పరిస్థితి అయితే బండిని కవరు కప్పి ఉంచడం అంతకన్నా మంచి నిర్ణయం.

విశాఖలో ఉన్నందువల్ల అదనంగా పడే ఖర్చు ఉప్పుగాలిది. మీరు ఎంవీపీ కాలనీలో ఉంటున్నట్లు రాశారు. సముద్రానికి అంత దగ్గరగా ఇరవై ఏళ్లు నిలిచిన బండిలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్లు, టర్బో బోల్టులు తుప్పు పట్టి విప్పేటప్పుడు విరుగుతాయి. విరిగినదాన్ని డ్రిల్లు వేసి తీసి, మర కట్టించడానికి లేత్ షాపులో ఒక్కోదానికి విడిగా తీసుకుంటారు. ఎర్తింగ్ తీగల చివరలు కూడా తినేసి ఉంటాయి, అవి మార్చకపోతే కొత్త ఇంజిన్ మీద లేనిపోని సెన్సర్ లోపాలు కనిపిస్తాయి. ఈ రెంటికీ 10,000 వేరుగా పెట్టుకోండి. మరొక సంగతి: హోనింగ్ అయిన బ్లాకును ఈ తేమలో ఒక్క రాత్రి ఆరుబయట ఉంచినా సిలిండర్ గోడలకు ఎర్రటి పొర వస్తుంది. లేత్ షాపు నుంచి తెచ్చేటప్పుడే నూనె పట్టించి, పాలిథిన్ చుట్టించండి. వీలైతే తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు నెలలకు ఇంజిన్ బల్ల మీద విప్పి ఉండే పరిస్థితి రానివ్వకండి.

ఎక్కడ చేయించాలన్నది మీ తదుపరి ప్రశ్న కావచ్చు. గాజువాక ఆటోనగర్‌లో పోత ఇనుప బ్లాకు బోరింగ్, క్రాంక్ పని చక్కగా చేయగలిగిన చేతులు ఉన్నాయి, లారీ ఇంజిన్ల పని వారికి అలవాటు. అల్యూమినియం హెడ్, అయిదు వాల్వుల పని వేరు. గైడ్లు ఎలా మారుస్తారో, హెడ్‌కు ప్రెషర్ టెస్ట్ చేసే ఏర్పాటు ఉందో లేదో అడిగి, జవాబు తడబడితే హెడ్ ఒక్కదాన్నీ హైదరాబాదో చెన్నైయో పార్శిల్ చేయండి. నేను అదే చేశాను. విడిభాగాలు కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది కనుక, అంతకు ముందు నాటి ఎస్టిమేటు చూపించి అదే మొత్తం అడిగితే తిరిగి లెక్క వేయించుకునే హక్కు మీకు ఉంది.

డబ్బును మూడు విడతలుగా ఇవ్వండి. పరీక్షలకు మొదటిది. ఇంజిన్ దించి, విప్పి, కొలతలు తీసి, మార్చవలసిన వస్తువుల జాబితా చేతికి ఇచ్చినంతవరకు రెండవది. ఇక్కడ ఆగిపోయే స్వేచ్ఛ మీకు ఉండాలని, అప్పటివరకు అయిన మజూరీ ఎంతో ముందే మాట్లాడుకోండి. బిగింపు పని పూర్తయి, బండి నడిచాక మిగిలినది. విడిభాగాలకు మాత్రం గ్యారేజీకి అడ్వాన్సు ఇచ్చేకంటే దుకాణానికి మీరే నేరుగా చెల్లించడం శుభ్రంగా ఉంటుంది. విప్పకముందు లెక్కకు మూడో వంతు కలుపుకోండి, కొలతలు వచ్చాక ఆ అదనాన్ని పది, పదిహేను శాతానికి తగ్గించుకోవచ్చు. ఆ లెక్కన, విప్పడానికి ఒప్పుకునే నాటికి మీ దగ్గర 4.5 నుంచి 5 లక్షలు అందుబాటులో ఉండాలని నా అభిప్రాయం. బండి అమ్మితే ఆ సొమ్ము తిరిగి రాదు. ఉంచుకుని నడపాలనుకునేవారికే ఈ ఖర్చు సమంజసం.

వాడిన ఇంజిన్ తెచ్చి పెట్టుకోమని మీకు ఎవరో చెప్పే ఉంటారు. అదే 1.8 టర్బో ఆడి ఏ4లో కూడా ఉంది కానీ అందులో ఇంజిన్‌ను పొడవునా అమర్చారు, మీ కారులో అడ్డంగా. మౌంటింగులు, పైపులు, సంపు నేరుగా కుదరవు. పైగా బ్లాకు మారితే ఇంజిన్ నంబరు మారుతుంది, దాన్ని రవాణా శాఖ కార్యాలయంలో ఆర్‌సీలో నమోదు చేయించాలి, లేకపోతే బీమా క్లెయిమ్ దగ్గరా, ఫిట్‌నెస్ దగ్గరా చిక్కు వస్తుంది. చరిత్ర తెలియని ఇంజిన్‌కు పెట్టే డబ్బును మీ ఇంజిన్ కొలతలకు పెట్టండి.

2005 బండికి పదిహేనేళ్లు ఎప్పుడో నిండాయి కనుక, ఆర్‌సీ పునరుద్ధరణ అయిందా, అది ఎంతవరకు చెల్లుతుందో ఇంజిన్ మీద చెయ్యి వేయకముందే చూసుకోండి. పునరుద్ధరణ అయిదేళ్లకే ఇస్తారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఈ కారు తయారైనప్పుడు ఆ ఇంధనం లెక్కలో లేదు. ఇంజిన్ బయట ఉన్నప్పుడే ఇంధన పైపులను ఇథనాల్ తట్టుకునే రకానికి మార్పించండి, ఆ పని 5,000 లోపే అవుతుంది.

బండి చేతికి వచ్చాక ఖర్చు ఆగిపోదు. మొదటి స్టార్ట్‌కు ముందు స్పార్క్ ఆపి, ఆయిల్ ఒత్తిడి వచ్చేదాకా తిప్పారో లేదో దగ్గరుండి చూడండి. రింగులు కూర్చోవడానికి ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచడం కన్నా, ఆనందపురం వైపు జాతీయ రహదారి మీద వేగం మారుస్తూ, టర్బో ఒత్తిడి పూర్తిగా ఎక్కకుండా నడపడం మంచిది. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య ఆయిల్, ఫిల్టర్ మార్పించి, తీసిన ఆయిల్‌ను తెల్లని గుడ్డలో వడగట్టి చూడండి. పై లెక్కలో రెండు విడతల ఆయిల్ అని రాసినది దీనికోసమే. అందులో సన్నని బూడిదరంగు పొడి ఉంటే సహజం, మెరిసే పలుకులు కనిపిస్తే బండిని ఆపి, చివరి విడత డబ్బు ఇవ్వకముందే గ్యారేజీకి ఫోను చేయండి.