వరద బాధితులకు ఏం పంపాలి: ముందు అక్కడ నీరు నిలిచి ఉందో, తీసిందో కనుక్కోండి

వరదలో ఇళ్లు మునిగిన కుటుంబాలకు మీ అపార్ట్‌మెంటు వాళ్లంతా చందాలు వేసుకుని సామాన్లు పంపాలనుకుంటున్నారనీ, ఏవి పంపితే ఉపయోగమనీ అడిగారు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వీధుల్లో మిత్రులతో కలిసి సహాయ పనులు చేసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. సామాన్ల జాబితా రాసుకునే ముందు, మీరు పంపబోయే చోట నీరు ఇంకా నిలిచి ఉందో, తీసేసిందో కనుక్కోండి. ఈ రెండు దశల్లో అవసరాలు దాదాపు పూర్తిగా వేరు.

అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగి ఇళ్లను ముంచెత్తినా, నీరు త్వరగానే వెనక్కి తగ్గి బురదను మిగిల్చింది. సింగ్‌నగర్ సంగతి అలా కాదు. బుడమేరు వాగు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. ఆ కాలువ నీరు కలవాల్సిన కృష్ణానదిలోనే ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. చివరికి సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే గానీ గండ్లు పూడలేదు. అన్నాళ్లూ జనం మేడల మీదే ఉండిపోయారు.

నీరు నిలిచి ఉన్న దశలో తిండికి కొరత ఉండదు, అది లోపలి వీధులకు చేరడమే కష్టం. దాతల వ్యాన్లు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చి ఆగిపోయేవి. నడుము లోతు నీటిలో నడిచి రాగలిగిన వారికి పొట్లాలు అందేవి. లోపలి సందుల్లోని వృద్ధులకు, బాలింతలకు అందేవి కావు. కాబట్టి మీ డబ్బులో కొంత ట్రాక్టరు అద్దెకో, పడవ నడిపే వారి కూలికో కేటాయిస్తే అది మరో వెయ్యి పొట్లాల కన్నా విలువైన సాయమని నా అభిప్రాయం. ఒక సందులో మొదటి అంతస్తు నుంచి ఒక పెద్దావిడ తాడు కట్టిన ప్లాస్టిక్ బకెట్‌ను కిందికి దించారు. అందులో డబ్బులూ లేవు, గిన్నే లేదు. అయిపోయిన బీపీ మాత్రల అట్ట ఒకటి ఉంది. అది చూసి మాలో ఒకరు మందుల షాపుకు వెళ్లి అవే మాత్రలు తెచ్చి ఇచ్చారు. ఆ తరువాత ప్రతి మేడ కిందా ముందు మందుల గురించే అడిగేవాళ్లం. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు తాడుతో పైకి లాగడం ముసలివాళ్ల వల్ల కాదు, లీటరు సీసాలే పంపండి. సాంబారన్నం, పెరుగన్నం చేరేసరికి పులిసిపోతాయి. పులిహోర, చపాతీలు, బన్నులు, అరటిపండ్లు కొంతసేపు నిలుస్తాయి. పసిపిల్లల పాలపొడి, శానిటరీ ప్యాడ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు మరిచిపోకండి.

నీరు తీసిన మరునాటి నుంచి పులిహోర పొట్లం ఎవరికీ అక్కర్లేదు. ఇంటి నిండా బురద, కంపు, ఉబ్బిపోయిన పరుపులు, పాడైన ఫ్రిజ్ ఉంటాయి. అప్పుడు కావలసినవి చీపుళ్లు, వైపర్లు, బకెట్లు, ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, రబ్బరు గ్లౌజులు. విజయవాడలో ఫైరింజన్లను తెప్పించి గొట్టాలతో ఇళ్లు, వీధులు కడిగించారు. ఎలక్ట్రీషియన్లను వెంటబెట్టుకుని వెళ్లగలిగితే మరీ మంచిది, ఎందుకంటే తడిసిన బోర్డులను పరీక్షించకుండా మెయిన్ స్విచ్ వేయడం ప్రాణాంతకం. తరువాత గ్యాస్ స్టవ్, నాలుగు గిన్నెలు, చాపలు, దుప్పట్లు, కొత్త లుంగీలు, నైటీలు ఇవ్వండి. పాత బట్టలు మాత్రం దయచేసి పంపకండి. వాటిని విడదీసి సర్దే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు, మూటలు రోడ్డు పక్కనే చెత్తలో కలుస్తాయి.

మీ బృందంలో చదువుకున్న కుర్రవాళ్లు ఉంటే వారికి మరో పని ఉంది. అప్పట్లో ప్రభుత్వం మునిగిన కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వారికి 10 వేల రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది. అయితే నష్టం లెక్కలు రాసుకోవడానికి సిబ్బంది వచ్చేసరికి కొందరు అద్దెదారులు ఇంటికి తాళం వేసి బంధువుల ఊళ్లకు వెళ్లిపోయి ఉన్నారు. గోడ కడగక ముందే నీటి మరక కనిపించేలా ఫోటోలు తీసిపెట్టడం, వార్డు సచివాలయంలో పేరు నమోదైందో లేదో చూసి చెప్పడం, నమోదు కాకపోతే అర్జీ రాసివ్వడం ఆ కుటుంబాలకు బియ్యం బస్తాతో సమానమైన సాయం. తడిసిన సర్టిఫికెట్లను, ఇంటి దస్తావేజులను బలవంతంగా విడదీయవద్దనీ, మధ్య మధ్య తెల్ల కాగితాలు పెట్టి నీడలో గాలికి ఆరనివ్వాలనీ కూడా చెప్పండి. చాలామంది వాటిని కంగారులో ఎర్రటి ఎండలో పరిచి పాడుచేసుకుంటారు.

మిగిలిన డబ్బును వెంటనే ఖర్చు చేయకుండా ఒక నెల ఆపి ఉంచండి. తోపుడు బండి, కుట్టు మిషన్, ఆటో బాగు చేయించుకోవడానికి చేతిలో పైకం లేక ఆగిపోయిన వాళ్లు అప్పటికి బయటపడతారు, దాతలు మాత్రం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు.