రాజీనామా పంపే ముందు ఇది చదువు బిడ్డా

మహబూబ్‌నగర్,
27 జూన్ 2021

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వు మాట్లాడింది తక్కువ, మ్యూట్ పెట్టింది ఎక్కువ. అయినా సంగతి అర్థమైంది. ఉద్యోగం మానేద్దామని మెయిల్ టైపు చేసి పెట్టుకున్నావు, పంపడమే తరువాయి. అటు మేనేజరేమో టీమ్ లీడ్‌గా చెయ్యమంటున్నాడు. ఇంట్లో వాళ్లేమో "ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉంటున్నవు కదా, ఇంకేం టెన్షన్" అంటున్నారు. ఫోన్లో చెప్తే సగం మాటలు కుక్కర్ విజిళ్లలో కొట్టుకుపోతాయని రాస్తున్నాను. తీరిక లేదంటావు, తెలుసు. బాత్రూంలోకి తీసుకుపోయి చదువు. ఈ ఏడాదికి పైగా ఆడవాళ్లకు గడియ పెట్టుకునే చోటు అదొక్కటే మిగిలినట్టుంది.

ఆ మెయిల్ ఇప్పుడే పంపకు. ఉద్యోగం మానడం తప్పని కాదు. ఏప్రిల్‌లో నీకు కరోనా వచ్చి తగ్గింది. మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా వెంట్రుకలు, మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడడం, చిన్నమాటకే ఏడుపు. ఇదంతా ఉద్యోగం వల్లనే అని నువ్వంటున్నావు. ఏఎన్ఎం నర్సుగా మొదలుపెట్టి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైన దాన్ని, నాకు ముందు కనపడేది నీ ఒళ్లు. ఈ జబ్బు తగ్గినా నీరసం వారాల తరబడి, కొందరికి నెలల తరబడి ఉంటుంది. గట్టి జ్వరం వచ్చిపోయిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మామూలే, మళ్లీ వస్తుంది. రేపు పొద్దున్నే పోయి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకో. అప్పుడు డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాశాడన్నావు కాబట్టి షుగర్ మాత్రం మరిచిపోకు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. పొలం పనికి పోయేవాళ్లకే ఉంటుంది, ల్యాప్‌టాప్ వాళ్లకు ఉండదు అనుకోకు. ఐరన్ మాత్ర రాసిస్తే చాయ్‌తో వేసుకోవద్దు, చాయ్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకో. ఒంట్లో బలం వచ్చాక కూడా మానాలనే అనిపిస్తే మానెయ్. మీ అమ్మకు నచ్చజెప్పే పని నాది.

ఇంకో లెక్క కూడా చూసుకో. మీ అత్తమ్మ రెండో బిడ్డ మాట ఎత్తుతున్నదన్నావు. 2017లో ప్రసూతి సెలవు చట్టం మారింది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు ఇవ్వాలి. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు ఆ కంపెనీలో పనిచేసి ఉండాలి, అంతే. ఇప్పుడు రాజీనామా చేసి, ఆర్నెల్లకు కడుపుతో ఉండి, మళ్లీ ఉద్యోగం వెతుక్కునే ఆడపిల్లలను చూస్తున్నాను. నాకు బాధనిపించేది వాళ్లను చూసినప్పుడే.

ఇక అసలు సంగతి. నేను డ్యూటీ చేసిన రోజుల్లో ఇంటిపని నీకన్నా తక్కువేం లేదు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ఇంటిల్లిపాదికీ జొన్న రొట్టెలు చేసి, ఉరుకుల పరుగుల మీద కోయిల్‌కొండ బస్సు అందుకునేదాన్ని. కానీ బస్సు కదిలిందంటే నన్ను చాయ్ అడిగే మనిషి ఉండడు. కిటికీ పక్కన సీటు దొరికితే నిద్ర. దొరక్కపోతే టీచరమ్మలతో ముచ్చట, ఒకరి టిఫిన్ డబ్బాలో తొక్కు ఇంకొకరికి. సాయంత్రం ఇల్లు చేరేసరికి సబ్ సెంటర్లో పడ్డ చికాకు సగం దారిలోనే పోయేది. ఇంకోటి కూడా ఉంది. చీర కట్టుకొని, సంచి భుజాన వేసుకొని, గొడుగు పట్టుకొని నేను గడప దాటడం అందరికీ కనపడేది. "ఆమె డ్యూటీకి పోయింది" అని మా అత్త వాకిట్లోకి వచ్చినవాళ్లకు చెప్పేది. నా ఉద్యోగం మీద ఆమెకేం ఇష్టం లేదు, అయినా చెప్పేది.

మీకు ఆ గడపే లేకుండా పోయింది. 2020 మార్చిలో జనతా కర్ఫ్యూ నాటి నుంచి నువ్వు నైటీలో, మంచం మీద, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని పనిచేస్తున్నావు. లక్షల రూపాయల పనే చేస్తుండొచ్చు. మీ అత్తమ్మ కళ్లకు మాత్రం నువ్వు మంచం మీద కూర్చున్న కోడలివి. ఆమె జీవితంలో పని అంటే లేచి చేసేదే. కాబట్టి ఆమెతో వాదన పెట్టుకోకు, గెలిచినా లాభం లేదు. ఆ గడపను ఇంట్లోనే మళ్లీ పెట్టుకో.

పొద్దున స్నానం చేసి, ఆఫీసుకు వేసుకునే డ్రెస్సే వేసుకో. మేడ మీది రేకుల గది ఎండాకాలం నిప్పుల కొలిమి అన్నావు. మృగశిర పోయి వానలు పడుతున్నాయి, ఇక పైకి మారు. ఒక మంచి కుర్చీ కొను, మంచం మీద కూర్చుంటే నడుము పోతుంది. పైకి పోయేటప్పుడు "పోయొస్తా అత్తమ్మా" అని చెప్పు. మొదట నవ్వుతారు. నవ్వనీ. వారం పోతే అలవాటవుతుంది. సాయంత్రం దిగి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టి, ఆ సంచిని బీరువాలో పెట్టు. ఎదురుగా తెరిచి ఉంటే చెయ్యి పోతూనే ఉంటుంది.

మీ వంటింటి తలుపు పక్కన క్యాలెండర్ వేలాడుతుంది కదా, మీ అత్తమ్మ పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ పెన్సిలుతో రాసుకునేది. నీ మీటింగులు కూడా దాని మీదే రాయి. "11 నుంచి 12, పెద్ద సార్ కాల్", "రాత్రి 8, అమెరికా వాళ్లు". నీ ఫోన్లో ఎన్ని రంగుల్లో పెట్టుకున్నా ఆమెకు తెలియదు. తన పాల లెక్క పక్కన ఉంటే చదువుతుంది. చదివిందంటే సరిగ్గా పదకొండున్నరకు "కరివేపాకు ఎక్కడ పెట్టినవ్" అని తలుపు కొట్టదు. కొట్టినా తక్కువే కొడుతుంది.

అల్లుడు మంచివాడే. "ఏమన్నా ఉంటే చెప్పు, చేస్తా" అంటాడు. ఏముందో చూసుకోవడం, గుర్తుపెట్టుకోవడం, చెప్పడం, చేశాడో లేదో చూడడం, ఇవన్నీ నీకే మిగులుతున్నాయి కదా. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఒక సర్వే చేయించింది, ఎవరు రోజులో దేనికి ఎంతసేపు పెడుతున్నారని. ఇంటిపని చేసే ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, ఇంటిపని చేసే మగవాళ్లకు 97 నిమిషాలు అని తేలింది. చీపురు ముట్టని మగవాళ్లను అసలు ఈ లెక్కలోకే తీసుకోలేదు. అదీ కరోనాకు ముందు మాట. ఇంట్లో అందరూ మూడు పూటలా ఉండి, నాలుగో పూట మిర్చి బజ్జీలు అడగడం ఇంకా మొదలు కానప్పటి మాట.

అందుకే సాయం అడగకు, ఒక పని మొత్తం అప్పజెప్పు. బాబు ఆన్‌లైన్ క్లాసు అల్లుడికి ఇచ్చెయ్. లింకు చూసుకోవడం, పుస్తకం తియ్యడం, హోంవర్క్ ఫోటో గ్రూపులో పెట్టడం, టీచర్‌తో మాట పడడం, అన్నీ ఆయనవే. కూరగాయలూ ఆయనకే ఇవ్వు. ప్రకాశం బజారు నుంచి ముదిరిన బెండకాయలు తెస్తాడు, ఖాయం. ఏమీ అనకు. వాటిని ఆయన చేతే తరిగించు. కత్తి దిగదు, గింజలు గట్టిగా తగులుతాయి. మళ్లీ వారం కొసలు విరిచి చూసి తెస్తాడు. నువ్వు మధ్యలో పోయి "ఇటివ్వండి, నేను చేస్తా" అన్నావంటే ఆ పని ఇక జన్మలో నీదే.

మీ అత్తమ్మ సంగతి కొంచెం ఆలోచించు. ఆమెకూ గుడి లేదు, పెళ్లిళ్లు లేవు, అరుగు మీద ముచ్చట లేదు. లాక్‌డౌన్‌లో మే 12 నుంచి నెలాఖరు దాకా పొద్దున పదింటికల్లా తలుపులు వేసుకున్నాం. ఫోన్ మోగితే ఎవరు పోయారో అని భయం. మోకాళ్ల నొప్పులతో ఈ ఏడాది ఆమె చేసిన వంట అంతకుముందు ఎప్పుడూ చేసి ఉండదు. వంట తగ్గించండి. పూటకు ఒక్క కూర, తొక్కు, చల్ల చాలు. పనామెను కూడా మళ్లీ రమ్మనండి. మాస్కు పెట్టుకొని, కిటికీలు తెరిచి పెడితే భయం తగ్గుతుంది. మాన్పించిన నెలల జీతం కూడా ఇవ్వండి, ఆమె కూడా మీలాగే ఉద్యోగం చేసే ఆడమనిషే.

మొన్న మేలో జ్వరం సర్వేకు మా ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు మందుల కిట్లు పట్టుకొని ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. మీ నల్లగొండ ఊళ్లలో సర్కారు తరఫున వడ్లు తీసుకునే ఐకేపీ సెంటర్ల దగ్గర మహిళా సంఘం ఆడవాళ్లు మూతికి గుడ్డ కట్టుకొని వడ్లు కొన్నారు. నీ కష్టం చిన్నదని చెప్పడానికి రాయట్లేదు ఇది. వాళ్లు చేసే ఒక పని నువ్వు చెయ్యట్లేదు. వాళ్లు వంతులు వేసుకుంటారు. ఒకామె కాంటా దగ్గర ఉంటే ఇంకొకామె ఇంటికి పోయి పిల్లలకు అన్నం పెట్టి వస్తుంది. నీ టీమ్‌లో పిల్లలున్న ఆడవాళ్లు ఇద్దరైనా ఉంటారు. వాళ్లతో మాట్లాడు. నీ రాత్రి కాల్ వాళ్లలో ఒకరు చూస్తే, వాళ్ల పొద్దుటి కాల్ నువ్వు చూడు. ఎవరికి వాళ్లం గదిలో కూర్చొని, మనకొక్కరికే చేతకావట్లేదు అనుకుంటున్నాం.

టీమ్ లీడ్ సంగతి. వద్దని ఇప్పుడే అనకు, సరేనని ఊరికే ఒప్పుకోకు. ఎన్ని రాత్రి కాల్స్ ఉంటాయి, జీతం ఎంత పెరుగుతుంది, ఎప్పటినుంచి, ఇవి మెయిల్‌లో అడుగు. ఫోన్లో "చూద్దాం లే" అంటే అక్కడే ఉంటుంది. కరోనా వచ్చి తగ్గింది, సెప్టెంబరు నుంచి తీసుకుంటాను, రాత్రి తొమ్మిది దాటాక వారానికి ఇన్ని కాల్స్‌కు మించి కూర్చోను అని రాయి. బతిమాలినట్టు రాయకు, పది సార్లు సారీ పెట్టకు. వాళ్లు కాదంటే కదా, అప్పుడు ఆలోచిద్దాం. అడగకుండానే వాళ్ల తరఫున నువ్వే కాదనుకోవడం దేనికి?

జీతం నీ ఖాతాలోనే పడనీ. ఇంటి ఖర్చు ఎంత ఇవ్వాలో ఇద్దరూ కూర్చొని తేల్చుకోండి. ఏటీఎం కార్డు మాత్రం నీ దగ్గరే ఉంచుకో. దీని మీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఆఖరికి, బస్సు నాకు ఇచ్చిన ఆ కాసేపు నీకూ కావాలి. లాక్‌డౌన్ ఎత్తేశారు. పొద్దున ఎన్‌జీ కాలేజీ గ్రౌండులోనో, ఆదివారం పానగల్లు చెరువు కట్ట మీదో నడువు. ఒక్కదానివే పో. బాబును తీసుకుపోతే అది కూడా డ్యూటీయే అవుతుంది. నడిచే ఓపిక లేకుంటే ఊరికే కూర్చొని రా. ఆయాసం ఉన్నన్నాళ్లు పంతానికి పోయి గబగబా నడవకు, మెల్లగా పెంచుకో.

అయినా రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, ఏదీ చెయ్యబుద్ధి కాకపోయినా, బతుకు మీదే విసుగొచ్చినా దాచిపెట్టుకోకు. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యులు ఉంటారు, వాళ్లను కలువు. మీ కింద వాటాలో ఉండే అమ్మాయిని మొగుడు కొడుతున్నాడన్నావు కదా, ఆమెకు 181 నంబరు రాసివ్వు. ఫోన్లో సేవ్ చెయ్యమనకు, వాడు చూస్తాడు. కంఠతా పట్టమను.

టీకా సంగతి. కరోనా తగ్గాక మూడు నెలలు ఆగి వేసుకోమంటున్నారు, అంటే నీకు జూలై ఆఖరు. నెలసరికి ఐదు రోజుల ముందూ తర్వాతా వేసుకోవద్దని వాట్సాప్‌లో వచ్చింది నాకూ వచ్చింది. అబద్ధమని ప్రభుత్వమే చెప్పింది. ఏ రోజైనా వేసుకోవచ్చు. మర్నాడు ఒళ్లు నొప్పులు, జ్వరం ఉండొచ్చు కాబట్టి శుక్రవారం వేసుకో, శని ఆదివారాలు పడుకోవడానికి ఉంటుంది. అల్లుడిని, నిన్ను ఒకే రోజు వేసుకోమని ఎవరన్నా సలహా ఇస్తే వినకు. ఇద్దరూ పడుకుంటే బాబును చూసేదెవరు?

తైద పిండి, జొన్న పిండి, కొంచెం చింతకాయ తొక్కు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. పొద్దున అంబలి తాగు. పార్సిల్ మీద అల్లుడి పేరు, అల్లుడి ఫోన్ నంబరే రాశాను. మంగళవారం నల్లగొండ బస్టాండుకు పోయి తెచ్చుకోమను.

మీ పెద్దమ్మ