టెక్ సందేహాలు: డాక్టరు ఫోన్‌లో దొంగ యాప్

ఈ వారం ప్రశ్నలన్నీ డాక్టర్లవే. రోగి ఎదురుగా ఉండగా మోతాదో, విరుగుడో ఫోన్‌లో వెతకాల్సి వచ్చినప్పుడు ఎదురైన చిక్కులే అన్నీ. మొదటి ప్రశ్న మాటలు మారుతూ పదేపదే వస్తోంది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మా బ్యాచ్ గ్రూపులో మందుల రిఫరెన్స్ యాప్ ‘ప్రీమియం అన్‌లాక్డ్’ ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కించుకునే యాప్) ఫైల్ పెట్టారు. అందరం వాడుతున్నాం. రెండేళ్లుగా బాగానే పనిచేస్తోంది. అసలు చందా మా స్టైపెండ్‌తో కట్టలేం. కొనసాగించవచ్చా? – హౌస్ సర్జన్, కర్నూలు

వద్దు. ఈ రోజే తీసేయండి.

‘అన్‌లాక్డ్’ అంటే ఏం జరిగిందో చూడండి. ఎవరో అసలు యాప్‌ని విప్పి, చందా కట్టారా లేదా అని చూసే భాగాన్ని కోసేసి, మళ్లీ ప్యాక్ చేశారు. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. లోపల ఒక్క అక్షరం మార్చినా అది చెల్లదు. అందుకని విప్పినవాడు తన సంతకం పెట్టుకోవాల్సిందే. అంటే మీ ఫోన్‌లో ఉన్నది కంపెనీ యాప్ కాదు, ముక్కూ మొహం తెలియనివాడి యాప్. కోసినప్పుడు ఇంకేం కలిపాడో బయటికి కనబడదు. పైగా సంతకం మారింది కనుక అసలు కంపెనీ ఇచ్చే అప్‌డేట్లు దాని మీద ఎక్కవు.

రెండేళ్లుగా బాగానే పనిచేస్తోందని రాశారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ మాటే. యాప్ తెరుచుకుంటోంది, పేరు కొడితే మోతాదు వస్తోంది, అంతవరకే మీకు తెలుసు. అందులోని సమాచారం ప్యాక్ చేసిన రోజు దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. మన దేశంలో 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని హెచ్చరిక ముద్రించాలన్నారు. 2024 ఆగస్టులో 156 రకాల కాంబినేషన్ మందుల్ని నిషేధించారు. చందా కట్టిన విదేశీ యాప్‌లోనూ ఇలాంటి మన ఉత్తర్వులు ఉంటాయని అనుకోవద్దు. ఇక ఆగిపోయిన దొంగ యాప్‌కి కొత్త మోతాదు హెచ్చరికలు కూడా చేరవు.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది యాక్సెసిబిలిటీ అనుమతి అడిగిందా? ‘నోటిఫికేషన్ యాక్సెస్’ అడిగిందా? మందుల నిఘంటువుకు ఈ రెండూ అవసరం లేదు. యాక్సెసిబిలిటీ ఇస్తే ఆ యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు తానే బటన్లు నొక్కగలదు. నోటిఫికేషన్ అనుమతి ఇస్తే ఓటీపీలు చదవగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచీ బయటి నుంచి తెచ్చిన యాప్‌లకు యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అని అడ్డుపడుతుంది. ‘యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కి, అలో చేయండి’ అని మీ గ్రూపులో ఎవరైనా రాసి ఉంటే, తలుపు గడియ మీ చేతే తీయించినట్టు.

మామూలు మనిషి ఫోన్ ఇలాంటి యాప్ చేతిలో పడితే పోయేది అతని డబ్బు. డాక్టరు ఫోన్‌లో వార్డు గ్రూపు ఉంటుంది. అందులో కేస్‌షీట్ ఫొటోలు, పేరుతో సహా స్కాన్ రిపోర్టులు, కాలిన గాయాలు, ఎంఎల్‌సీ (పోలీసు కేసుల) కాగితాలు, ఆడవాళ్ల పరీక్షల చిత్రాలు ఉంటాయి. ఆ రోగులెవరూ మీ ఏపీకేకి ఒప్పుకోలేదు.

తీసేయడానికి వరుస ఇది. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో డౌన్‌లోడెడ్ యాప్స్ తెరిచి ఆ పేరు ఆన్‌లో ఉంటే ఆపండి. తర్వాత సెట్టింగ్స్ సెర్చ్‌లో ‘డివైస్ అడ్మిన్’ అని కొట్టి, ఆ జాబితాలో ఉంటే టిక్ తీసేయండి. ఇది చేయకపోతే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయదు. ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అప్పటికీ మొండికేస్తే సేఫ్ మోడ్‌లో ఫోన్ ఆన్ చేసి తీయండి. యాక్సెసిబిలిటీ ఒక్కసారైనా ఇచ్చి ఉంటే ఇంతటితో సరిపోదు. ఫొటోలు, కాంటాక్టులు మాత్రం బ్యాకప్ తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిందే. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ ఇంకో ఫోన్ నుంచి మార్చండి, ఈ ఫోన్ నుంచి కాదు. ఖాతాలో డబ్బు కదిలినట్టు కనబడితే 1930కి ఆ గంటలోనే ఫోన్ చేయండి. చివరిగా ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ జాబితా తెరిచి వాట్సాప్, టెలిగ్రామ్, బ్రౌజర్ మూడింటికీ ఆ అనుమతి తీసేయండి. కాలేజీ సీనియర్ పంపినా, ట్రాఫిక్ చలానా అంటూ అపరిచితుడు పంపినా ఏపీకే ఏపీకేనే.

చందా కట్టలేని మాట నిజం. కానీ ఉచితంగా, నిజాయితీగా దొరికేది చాలానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు జబ్బుకో పేజీ చొప్పున, మన ఆసుపత్రుల స్థాయిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. యాంటీబయాటిక్ ఎంపికకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెచ్చిన ఏవేర్ పుస్తకం ఉంది. పాలిచ్చే తల్లికి మందు ఇవ్వొచ్చా అంటే లాక్ట్‌మెడ్ సైటు. కాలేయం మీద మందుల ప్రభావానికి లివర్‌టాక్స్ సైటు. హెచ్ఐవీ మందులతో పరస్పర చర్యలకు లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వారి సైటు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్న రోగికి హెచ్ఐవీ మందు డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇవ్వాలని, డొలుటెగ్రావిర్ మీద ఉన్నవారికి షుగరు మందు మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూడాలని తెలుసుకోవడానికి పైసా కట్టక్కర్లేదు.

72 ఏళ్ల ఆవిడ, 45 కిలోలు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టే వ్యర్థం) 1.2. మా సీనియర్ యాప్‌లో కిడ్నీ పనితీరు 48 వచ్చింది, నా యాప్‌లో 30. ఏ యాప్ తప్పు? – పీజీ విద్యార్థిని, వరంగల్

రెండూ ఒప్పే. తప్పు ఆ అంకె కింద సూత్రం పేరు రాయని డిజైనరుది.

మీ యాప్ క్రియాటినిన్ క్లియరెన్స్ లెక్కించే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం వాడింది. 140లోంచి వయసు తీసేస్తే 68. దాన్ని 45తో గుణిస్తే 3060. 72ని 1.2తో గుణిస్తే 86.4. భాగిస్తే 35.4, ఆడవారు కనుక 0.85తో గుణిస్తే 30.1. సీనియర్ యాప్ వాడింది ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) ఇచ్చే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సమీకరణం. దానికి బరువు అక్కర్లేదు. సగటు శరీర వైశాల్యం 1.73 చదరపు మీటర్లకు సర్దిన లెక్క అది. చిన్న శరీరం ఉన్న ముసలావిడ దగ్గర ఈ రెండు సూత్రాలూ దూరం జరుగుతాయి.

ఏది వాడాలో మందు లేబుల్ చెబుతుంది. మెట్‌ఫార్మిన్ హద్దులు ఈజీఎఫ్ఆర్ మీద పెట్టారు. 30 కన్నా తక్కువైతే ఇవ్వకూడదు, 30 నుంచి 45 మధ్య కొత్తగా మొదలుపెట్టవద్దు. అక్కడ చూడాల్సింది 48. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపారిన్ లేబుల్ క్రియాటినిన్ క్లియరెన్స్ అంటుంది. 30 కన్నా తగ్గితే కిలోకి ఒక మిల్లీగ్రాము రోజుకు రెండుసార్లు కాక ఒక్కసారే. అక్కడ చూడాల్సింది 30.1. ఇంతకీ ఆవిడని తూకం వేశారా, లేక 45 అని అంచనా వేశారా? 44 కిలోలైతే లెక్క 29.4 వస్తుంది, మోతాదు సగమైపోతుంది. యాప్ మార్చేముందు తూకం యంత్రం మంచం దగ్గరికి తెప్పించండి.

యూనిట్లు కూడా చూసుకోండి. కొన్ని దేశాల్లో క్రియాటినిన్ మైక్రోమోల్స్‌లో రాస్తారు. మన ల్యాబుల్లో ఒకటి అంటే అక్కడ 88.4. యాప్ ఆ యూనిట్‌లో తెరుచుకుని ఉంటే మీరు కొట్టిన 1.2కి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ జవాబు వేలల్లో వస్తుంది. అది కనబడితే మంచిదే, తప్పు దొరికిపోతుంది. ‘120 పైన’ అని మాత్రమే చూపించేలా కట్టిన యాప్ అయితే దొరకదు.

పిల్లల డాక్టర్లు రాస్తున్నది కూడా ఇదే గొడవ. పది కిలోల బిడ్డకు పారాసిటమాల్ కిలోకి 15 చొప్పున 150 మిల్లీగ్రాములు. మన షాపుల్లో ఐదు మిల్లీలీటర్లకు 125 ఉన్న సిరప్ ఉంది, 250 ఉన్నదీ ఉంది, ఒక్క మిల్లీలీటరుకే 100 ఉన్న చుక్కల మందూ ఉంది. మొదటిది 6 మిల్లీలీటర్లు, రెండోది 3, మూడోది 1.5. యాప్ ఏ సీసా అని అడగకుండా ‘6 ఎంఎల్’ అని చూపిస్తే, ఆ తల్లి ఇంట్లో 250 సీసా ఉంటే, బిడ్డకు పడేది రెట్టింపు. ఫలితాన్ని మిల్లీగ్రాముల్లో మాత్రమే తీసుకోండి. మిల్లీలీటర్లు సీసా చేతిలో పట్టుకుని మీరే లెక్కేయండి.

పాము కరిచిన పిల్లాడికి యాంటీవెనమ్ మోతాదు చాట్‌బాట్‌ని అడిగితే బరువును బట్టి తగ్గించమంది. మూడు పరిశోధనల పేర్లు కూడా ఇచ్చింది. వెతికితే ఒక్కటీ దొరకలేదు. నమ్మాలా? – పీహెచ్‌సీ డాక్టరు, ఉట్నూరు

నమ్మొద్దు డాక్టరు గారూ. పాము పిల్లాడికి తక్కువ విషం ఎక్కించదు కాబట్టి పిల్లలకూ పెద్దలకూ ఒకటే మోతాదు. విషం ఎక్కిన లక్షణాలుంటే మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం మొదటి విడత 10 వయల్స్ (మందు సీసాలు). మన పాలీవేలెంట్ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి అనే నాలుగింటి కోసం చేసినది. అమెరికా పాములకు వాడే మందు వేరు, వయల్స్ లెక్క వేరు. ఇంగ్లీషులో దొరికే రాతల్లో వాళ్లవే ఎక్కువ కనుక చాట్‌బాట్ జవాబు ఆ వైపు జారే వీలుంది. ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్షకు శుభ్రమైన, పొడి గాజు గొట్టం కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు అన్న చిన్న సంగతిని కూడా అలాంటి జవాబు దాటేయవచ్చు.

అది ఇచ్చిన ఆధారాన్ని పరీక్షించడానికి అర నిమిషం చాలు. పరిశోధన పేరు పక్కన ఉండే పీఎంఐడీ అంకెను వైద్య పరిశోధనల సూచీ అయిన పబ్‌మెడ్ సైటులో వేయండి. ఏమీ రాకపోవచ్చు. లేదా ఆ అంకెకు సంబంధం లేని వేరే పేపరు రావచ్చు, ఇది ఇంకా మోసకరం, అంకె నిజమైనదే కాబట్టి. పేపరు దొరికినా సారాంశంలో ఆ మోతాదు ఉందో లేదో చదవండి. పైన ‘రిట్రాక్టెడ్’ పట్టీ ఉందేమో చూడండి. కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకం మీద 2020 మే 22న లాన్సెట్‌లో వచ్చిన పేపరును జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. ఆ రెండు వారాల్లోనే దాన్ని చూసి ఆ మందు మీద క్లినికల్ ట్రయల్స్ ఆపేసినవాళ్లున్నారు.

విషం కేసుల్లో వెతుకులాటకు సమయం ఉండదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. పురుగుమందు డబ్బా చేతిలో పట్టుకుని, లేబుల్ మీద రసాయనం పేరు చదువుతూ ఫోన్ చేయండి. బ్రాండ్ పేరు ఒక్కటే చెబితే లాభం లేదు.

ఇంకో మాట. చాట్‌బాట్‌కి రిపోర్టు ఫొటో ఎక్కించేవాళ్లు పేరు మీద ఫోన్‌లోని హైలైటర్‌తో గీత గీస్తున్నారు. ఆ పెన్ను రంగు పలచన. వెలుతురు పెంచితే కింద అక్షరాలు కనబడతాయి. గీతలు వద్దు, పై భాగం కత్తిరించేయండి. అసలు ఫొటోనే ఎక్కించకుండా వయసు, బరువు, అంకెలు టైప్ చేయడం అన్నిటికన్నా మేలు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

వార్డులో సిగ్నల్ రాదు. ఆఫ్‌లైన్‌లో పనిచేసే మంచి యాప్ ఒకటి చెప్పండి. – క్యాజువాలిటీ డాక్టరు, శ్రీకాకుళం

యాప్ పేరు చెప్పేముందు ఈ యాప్‌ల తయారీ గురించి చెప్పాలి. క్యాజువాలిటీలో మూర్ఛ ఆగని బిడ్డ ఉంటే, డాక్టరు చేతికి గ్లోవ్స్ ఉంటే, యాప్ తెరవగానే ‘మీ సెషన్ ముగిసింది, ఓటీపీ పంపాం’ అంటుంది. సిగ్నల్ లేని చోట ఓటీపీ ఎలా వస్తుంది? అది దాటితే నేటి క్విజ్. అది దాటితే ఫలానా మందు గురించి వెబినార్. మోతాదు మూడో తెర మీద ఉంటుంది. బ్రాండ్ల జాబితాలో పైన ఉన్నది డబ్బు కట్టి పైకి ఎక్కిందా లేదా అని ఎక్కడా రాయరు. పేజీని చివరిసారి ఎవరు, ఎప్పుడు సవరించారో చెప్పే తేదీ కోసం అడుగుదాకా జరపాలి, అప్పుడూ ఉంటుందని నమ్మకం లేదు. రైలు టికెట్ యాప్‌లో ఇలా చేస్తే విసుగు, అంతే. ఇక్కడ ఆ ముప్ఫై సెకన్లు బిడ్డవి. మోతాదు మొదటి తెర మీద, దాని పక్కనే తేదీ, ఆధారం, సూత్రం పేరు, నెట్ లేకున్నా తెరుచుకోవడం. ఇవి లేని యాప్‌ని ఆసుపత్రులు కొనకూడదు. కొనే కమిటీలో డ్యూటీ డాక్టర్లు కూర్చోవాలి.

అందాకా మీకు పనికొచ్చేది యాప్ కాదు, ఫోల్డర్. ఐసీఎంఆర్ వర్క్‌ఫ్లోల్లో మీ క్యాజువాలిటీకి తరచూ వచ్చేవి పదో పన్నెండో పీడీఎఫ్‌లుగా ఫోన్‌లోకే దించండి. ఫైలు పేరులో జబ్బు, ఆ ప్రచురణ సంవత్సరం రాయండి. హోమ్ స్క్రీన్ మీద ఆ ఫోల్డర్‌కి షార్ట్‌కట్ పెట్టి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఒకసారి తెరిచి చూడండి. క్లౌడ్‌లో ఉన్న ఫైలు పేరు మాత్రం కనబడుతుంది, తెరుచుకోదు. ఆర్నెల్లకోసారి కొత్త కాపీ వచ్చిందేమో చూసి పాతది చెరిపేయండి, రెండూ ఉంచుకోవద్దు. విష సమాచార కేంద్రం నంబరు, మందు వికటిస్తే తెలియజేయాల్సిన ఫార్మకోవిజిలెన్స్ నంబరు 1800 180 3024 ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, సిగ్నల్ లేని వార్డులో ల్యాండ్‌లైన్ పక్కన అంటించండి.