ప్యాచ్ పక్కన లీకు: మళ్లీ ఛాతీ కోయాలా?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. రెండేళ్లప్పుడు గుండె కింది గదుల మధ్య రంధ్రానికి ఆపరేషన్ చేసి ప్యాచ్ వేశారు. మొన్న ఎకో తీసి, ప్యాచ్ అంచున లీకు ఉంది, ఎడమ గది కాస్త పెరిగింది అన్నారు. తొడ దగ్గర నుంచి గొట్టం పంపి మూసేస్తారట. మొదటి ఆపరేషన్ ఫెయిలైనట్టేనా? మా అత్తగారు వద్దే వద్దంటున్నారు.
– ఓ తల్లి, రాజోలు

జవాబు: ఫెయిల్ కాదమ్మా. కుట్టిన ప్యాచ్ అంచున చిన్న సందు మిగలడం మంచి సర్జన్ల చేతుల్లోనూ జరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల లోపు లీకులు చాలావరకు నెలల్లో వాటంతటవే మూసుకుపోతాయి, వాటి జోలికి మేం పోం. మీవాడిది ఐదేళ్లయినా మూసుకోలేదు, పైగా గది పెరిగింది. లీకు వల్ల ఊపిరితిత్తులకు వెళ్లిన అదనపు రక్తమంతా తిరిగొచ్చి ఆ గది మీదే పడుతోంది. మూయించమనే నా సలహా. అత్తగారిని కూడా ఎకో గదిలోకి తీసుకెళ్లండి, ఆ లీకు తెరమీద రంగుల్లో కనిపిస్తుంది.

ఒకసారి కోసిన చోట గుండె ఛాతీ ఎముకకు అతుక్కుపోయి ఉంటుంది. మళ్లీ తెరవడం సర్జన్‌కి కత్తిమీద సామే. క్యాథ్ ల్యాబ్‌లో (రక్తనాళం గుండా గొట్టం పంపి చికిత్స చేసే గదిలో) అయితే సన్నని గొట్టంలో మడిచిపెట్టిన నిటినాల్ (మడిచినా మళ్లీ తన ఆకారానికి వచ్చే లోహం) తీగల అల్లికను రంధ్రం దాకా తీసుకెళ్తారు. అక్కడ అది గోడకు ఇటొకటి, అటొకటి చిన్న బిళ్లలుగా విచ్చుకుంటుంది. సరిగ్గా కూర్చుందని ఎకోలో చూశాకే వదులుతారు. కుదరకపోతే వెనక్కి లాగేస్తారు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా అడగండి: రంధ్రం బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) కవాటానికి ఎంత దూరంలో ఉంది? మరీ దగ్గరైతే బిళ్ల కవాటం రెప్పలకు రాసుకుంటుంది, అప్పుడు సర్జరీయే మేలు. కొద్దిమందిలో గుండెను కొట్టించే విద్యుత్ సంకేతాలకు అడ్డు పడి హార్ట్ బ్లాక్ వస్తుంది. అందుకే చెప్పిన తేదీకల్లా ఈసీజీ తీయించాలి.

బిళ్ల వేశాక మూత్రం ఎర్రగా వస్తే ఆ రోజే ఆసుపత్రికి రండి. మిగిలిన సందులోంచి వేగంగా దూకే రక్తంలో ఎర్రకణాలు చితికితే అలా వస్తుంది. సాధారణంగా ఆరు నెలలు ఆస్పిరిన్ ఇస్తారు. ఆ రోజుల్లో ఆటలమ్మ పోస్తే ఆస్పిరిన్ పిల్లలకు ప్రమాదం కావచ్చు, వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

పళ్ల సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. పూతరేకులు తిననివ్వండి, రాత్రి మాత్రం దగ్గరుండి తోమించండి. పుచ్చుపన్ను నుంచి క్రిములు రక్తంలో చేరి బిళ్ల మీద తిష్ఠ వేస్తాయి. పుచ్చుంటే ముందే బాగుచేయించండి. బిళ్ల వేసిన తొలి ఆరు నెలల్లో పన్ను పీకించాల్సొస్తే ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాలని డెంటిస్ట్‌కి మీరే గుర్తుచేయండి.